సర్వర్‌లోని ఫైలు: అక్కడే దిద్దడమా, తెచ్చి దిద్దడమా?

అనంతపురంలో చిన్న దుకాణాలకూ బడులకూ వెబ్‌సైట్లు చేసి ఇచ్చే మావంటి వారి మధ్య ఏళ్లుగా తెగని వాదం ఒకటుంది. సర్వర్‌లోని, అంటే వెబ్‌సైటును నడిపే దూరపు కంప్యూటరులోని ఫైలును కమాండ్ లైన్ ద్వారా, అంటే ఆదేశాలు టైపు చేస్తూ, అక్కడికక్కడే దిద్దాలా, లేక ఫైల్‌జిల్లా వంటి సాధనంతో మన కంప్యూటరుకు దించుకొని, దిద్ది, తిరిగి ఎక్కించాలా అన్నదే ఆ వాదం. దీని వేర్లు వెబ్ కంటే పాతవి.

ఫైళ్లను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరవేసే ఎఫ్‌టీపీ నియమాల తొలి రూపాన్ని కాన్పూర్ ఐఐటీలో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో రాశారు. 1976లో బిల్ జాయ్ కమాండ్ లైన్ మీద ఫైళ్లు దిద్దే వీఐ ఎడిటర్‌ను రూపొందించారు. ఆయన నిదానమైన మోడెం మీద పనిచేసినందువల్లనే అందులోని ఆదేశాలు ఒకటి రెండు అక్షరాలకు కుదించుకున్నాయి. ఆ పొదుపు విలువ డయలప్ రోజుల్లో మాకు బాగా తెలిసింది. ఎక్కిస్తున్న ఫైలు సగంలో ఉండగా లైను తెగితే సర్వర్‌లో సగం ఫైలే మిగిలి, సైటు తెల్లగా కనబడేది. వీఐకి తర్వాతి రూపమైన విమ్‌లో దిద్దుతుంటే మాత్రం, మార్పులను పక్కన దాచి ఉంచే స్వాప్ ఫైలు నుంచి పని తిరిగి దక్కేది.

అయితే అసలు మలుపు సౌకర్యం వల్ల కాదు, భద్రత వల్ల వచ్చింది. ఎఫ్‌టీపీ, దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే టెల్‌నెట్ రెండూ పాస్‌వర్డును దాచకుండా పంపేవి. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక అక్కడి తాతు యులోనెన్, పంపేదంతా గుప్తలిపిలోకి మార్చే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాశారు. ఫైళ్లను దించి ఎక్కించే విన్‌ఎస్‌సీపీ వంటి కిటికీల (మౌసుతో నడిపే) సాధనాలు కూడా ఆ దారినే పట్టాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఎఫ్‌టీపీని పూర్తిగా తొలగించాయి.

తెలుగు సైట్ల విషయంలో మరో చిక్కుంది, దాన్ని ఈ వాదంలో ఎవరూ తగినంతగా పట్టించుకోరని నా బాధ. కమాండ్ లైన్ కనబడే తెర అయిన టెర్మినల్ అక్షరానికొక గడి చొప్పున కేటాయిస్తుంది గనుక చాలా చోట్ల ‘కర్నూలు’ అన్న మాటలోనే ఒత్తు చెదిరిపోతుంది. అచ్చుతప్పు ఉందో లేదో తేల్చుకోలేము. కిటికీల పక్షానా లోపం లేకపోలేదు. పాత నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 (తెలుగు వంటి లిపులను భద్రపరిచే పద్ధతి) ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేర్చేది. వాటిని సర్వర్‌లో పేజీలను తయారుచేసే పీహెచ్‌పీ ముందుగానే బ్రౌజరుకు పంపేయడంతో లాగిన్ పేజీలు దెబ్బతినేవి. 2019 నాటి విండోస్ 10 నవీకరణతో కొత్త ఫైళ్లకు ఆ అలవాటు పోయింది.

అదే ఏడాది కిటికీల ఎడిటర్ అయిన వీఎస్ కోడ్‌కు వచ్చిన ఎస్‌ఎస్‌హెచ్ పొడిగింపుతో ఫైలు సర్వర్‌లోనే ఉండగా, తెలుగు ఒత్తులు సరిగా కనబడే తెర మన బల్ల మీదికి వచ్చింది.