ఉడుము పిల్లకు ఇల్లు సిద్ధం చేయబోతున్న మీకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సవానా ఉడుము పిల్లను పెంచుకోవాలనుకుంటున్నామని, దాన్ని తెచ్చేలోగా ఎటువంటి ఇల్లు సిద్ధం చేయాలో చెప్పమని మీరు రాసిన ఉత్తరం చదివాను. చాలామంది ముందు ప్రాణిని తెచ్చుకుని, దాన్ని ఎక్కడ ఉంచాలా అని తరువాత వెతుక్కుంటారు. మీరు ముందే అడిగినందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ పిల్ల అడవిలో పట్టుకొచ్చినది కాదని, పెంపకంలోనే గుడ్డు నుంచి వచ్చినదని, మీరున్న దేశంలో దాన్ని పెంచుకోవడానికి చట్టం అనుమతిస్తుందని మీ నాన్న పత్రాలు చూసి తేల్చుకున్న తరువాతే ఈ పని మొదలుపెట్టండి. ఉడుము జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారమూ సైట్స్ పరిధిలోకి వస్తుంది, అది అడవి ప్రాణుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న ఒప్పందం. భారతదేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడి ఉడుములను పట్టుకోవడమూ, ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే.

నేను పెంచిన మొదటి ఉడుము పిల్ల రెండేళ్లు కూడా బతకలేదు. ఆఫ్రికా గడ్డిభూముల ప్రాణి కదా, వేడీ పొడి ఇసుకా ఉంటే చాలునని నమ్మి, ఒక గాజు తొట్టెలో నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి, పైన వల మూత వేసి, దాని మీద ఒక దీపం వేలాడదీశాను. అది బాగా తినేది, గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండేవి, అందువల్ల లోటేమీ లేదనుకున్నాను. అది చనిపోయాక పశువైద్యుడు కోసి చూపించినప్పుడు దాని మూత్రపిండాల నిండా సున్నం పూసినట్లు యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుపోయి ఉంది. ఆ పొడి వేడిలో అది ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒంట్లోని తేమ కొంత పోతూ వచ్చిందని, గిన్నెలోని నీళ్లు ఆ నష్టాన్ని పూడ్చలేకపోయాయని నాకు అప్పుడు తెలిసింది. ఈ ఉత్తరంలో తక్కిన వాటికంటే మట్టి గురించే ఎక్కువగా చెప్పబోవడానికి కారణం అదే.

సవానా ఉడుము ఎండ కాచుకోవడానికి, మేతకు బయటికి వచ్చినా, మిగిలిన కాలంలో చాలా భాగం నేల లోపలే గడుపుతుంది. ఘానాలోని పొలాల్లో వీటిని పరిశీలించినవారికి పిల్లలు బొరియల్లోనే ఎక్కువగా దొరికాయి. పైన నేల కాలిపోతున్నా బొరియ లోపల గాలి చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఉడుము పిల్ల తన ఒంటి నీటిని కాపాడుకునేది అక్కడే. కాబట్టి పెట్టెలో మట్టి 30 సెంటీమీటర్ల లోతుకు తగ్గకూడదు, పెద్దదయ్యాక ఆ లోతు 60 సెంటీమీటర్లయినా కావాలి. ఎరువులూ పురుగుమందులూ తగలని తోటమట్టిలో ఇసుక కలపండి. ఆరు పాళ్లు మట్టికి నాలుగు పాళ్లు ఇసుకతో మొదలుపెట్టి, మీ మట్టి గుణాన్నిబట్టి మార్చుకోండి. నీళ్లు పోసి కలిపాక గుప్పెడు తీసి పిడికిట బిగించి నొక్కితే ముద్దగా నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకూడదు, బొటనవేలితో పొడిస్తే ఆ ముద్ద విరిగిపోవాలి. ఆ పదును కుదిరిన మట్టిని పెట్టెలో కొద్దికొద్దిగా పోస్తూ, పొర పొరకూ అరచేత్తో అదమండి. ఆ తరువాత మీ చేతిని ఏటవాలుగా లోపలికి దూర్చి ఒక సొరంగం చేసి, మరునాడు వచ్చి చూడండి. అది కూలకుండా నిలిచి ఉంటే మట్టి కుదిరినట్టే. కూలిపోతే ఇసుక ఎక్కువైందో తడి చాలలేదో చూసుకుని మళ్లీ కలపండి. ఈ పనికి ఒక పూట పట్టినా విసుగుపడకండి, ఎందుకంటే పిల్ల లోపల ఉండగా మట్టి కూలితే దాని ప్రాణానికే ముప్పు.

పైపైన నీళ్లు చల్లితే పై పొర బురదవుతుందే తప్ప అడుగు తడవదు. రెండు మూడు రోజులకొకసారి పెట్టె మూలల్లో నెమ్మదిగా నీళ్లు పోస్తే అడుగు నుంచి తేమ పైకి పాకుతుంది, పై పొర కాస్త ఆరి ఉన్నా ఫర్వాలేదు. బొరియ లోపల తేమ 80 శాతానికి పైగా ఉండేలా చూసుకోండి. రంపపు పొట్టు, కాగితం ముక్కలు, రంగు ఇసుక వంటివి తేమను నిలుపుకోలేవు, వాటిలో బొరియా నిలవదు. అమ్మేవారు ఎంత చెప్పినా వాటిని వాడకండి.

పెట్టె విషయానికి వస్తే, పిల్ల మీ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది కాబట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 90 ఎత్తు ఉన్న పెట్టె కొన్ని నెలలపాటు సరిపోతుంది. అందులో 30 సెంటీమీటర్ల లోతున తడి మట్టి నింపితే దాదాపు 300 కిలోలు తూగుతుంది. ఆ బరువును బల్ల మీద పెట్టలేరు, నేల మీదే పెట్టాలి, నింపాక కదపలేరు కనుక చోటు ముందే ఎంచుకోవాలి. పెద్ద ఉడుము సుమారు మీటరు పొడవుకు పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతకగలదు. దానికి 240 సెంటీమీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న పెట్టె కావాలి, అంటే ఇంట్లో ఒక చిన్న గది కోల్పోయినట్టే. దానికి మీ అమ్మానాన్నలు ఇప్పుడే సిద్ధంగా లేకపోతే ఈ పిల్లను తెచ్చుకోవద్దని నా ఖచ్చితమైన మాట.

గోడలకూ కప్పుకూ ప్లైవుడ్ వాడి, మట్టి తగిలేంత ఎత్తు వరకు నీరు చొరని పూత వేయించి, వాసన పూర్తిగా పోయాకే మట్టి నింపండి. వల మూత వేడినీ తేమనూ పైకి వదిలేస్తుంది, అందుకే కప్పు మూసి ఉండాలి. గాలి ఆడడానికి ప్రక్క గోడల్లో చిన్న రంధ్రాలు చాలు. తలుపు ముందు వైపు ఉండాలి, ఎందుకంటే పైనుంచి దిగే చెయ్యి దాని కంటికి తన్నుకుపోవడానికి వచ్చిన గద్దలా తోస్తుంది. తలుపుకు తాళం తప్పనిసరి. మన భాషలో ఉడుము పట్టు అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ గోళ్లకు సందు చిక్కితే అది తలుపును జరుపుకుని బయటపడగలదు.

ఇక వేడి సంగతి. ఉడుము ఒంట్లో వేడి దానంతట అది పుట్టదు, అది తిన్నది అరగాలన్నా బయటి వేడి అందాలి. పెట్టెకు ఒక చివర, ఎండ కాచుకునే చోట, చెక్క ఉపరితలం 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండాలి. ఈ అంకె చూసి మీరు భయపడతారని నాకు తెలుసు, కాని ఎండలో రాయి కూడా అంత వేడెక్కుతుంది. పిల్ల అక్కడ కొద్దిసేపే ఉండి, ఒళ్లు వేడెక్కగానే చల్లటి వైపుకు వెళ్లిపోతుంది. ఆ రెండో చివర గాలి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి, రాత్రి పూట 22కు దిగకూడదు. చల్లటి చోటు లేని పెట్టెలో పిల్ల కొద్ది గంటల్లోనే చనిపోవచ్చు. ఒక పెద్ద దీపం వీపు మీద ఒకే చోట కాలుస్తుంది, అందుకు బదులు తక్కువ వాట్ల హాలోజన్ దీపాలు రెండు పక్కపక్కన పెడితే ముక్కు నుంచి తోక మొదలు వరకు వేడి సమంగా పడుతుంది. దీపాలకు ఇనుప పంజరం తొడిగించండి, లేకపోతే పిల్ల ఎగబాకి ఒళ్లు కాల్చుకుంటుంది. కరెంటుతో వేడెక్కే రాళ్లు అమ్ముతారు, అవి పొట్టను కాలుస్తాయి, వద్దు.

దీపాల కింద నాలుగైదు చెక్క పలకలను, మధ్యమధ్య చిన్న దిమ్మెలు పెట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి బిగించండి. పై పలక మండుతున్నట్టున్నా, కింది అరకు వెళ్లేకొద్దీ వేడి తగ్గుతుంది; పిల్ల దాక్కునే ఉండి తనకు కావలసిన వేడిని ఎంచుకుంటుంది. నాకు తెలిసిన ఏర్పాట్లలో పిరికి పిల్లకు ఇంత మేలు చేసేది మరొకటి లేదు. దీపాలతోపాటు యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలనిచ్చే ట్యూబ్‌లైటు కూడా రోజుకు 12 గంటలు వెలగాలి, ఆ కిరణాలతోనే చర్మంలో విటమిన్ డి3 తయారై ఎముకలకు కాల్షియం అందుతుంది. మామూలు గాజు ఆ కిరణాలను ఆపేస్తుంది కనుక ట్యూబ్‌కూ పిల్లకూ మధ్య గాజు ఉండకూడదు. వెలుగు కనిపిస్తున్నా కిరణాల బలం తగ్గిపోతుంది కాబట్టి తయారీదారు చెప్పిన గడువుకు ట్యూబ్ మార్చండి.

మట్టి మీద ఎండుటాకులు దట్టంగా పరచి, చెట్టు బెరళ్లు, బోలు దుంగలు పెట్టండి. దాక్కునే చోట్లు ఎక్కువైనకొద్దీ పిల్లకు బెదురు తగ్గుతుంది. ఒళ్లంతా మునిగేంత వెడల్పు నీటిపళ్లెం కావాలి, ఎక్కి బయటపడడానికి అందులో ఒక రాయి ఉంచండి. అది ఆ నీళ్లలోనే విసర్జిస్తుంది, కాబట్టి రోజూ కడిగి మార్చాలి. మేత ప్రధానంగా పురుగులే: కీచురాళ్లు, బొద్దింకలు, నత్తలు, వాటిపై కాస్త కాల్షియం పొడి. ఎలుకలతో పెంచిన సవానా ఉడుములు కొవ్వు పట్టి, కాలేయం చెడి చనిపోవడం నేను చూశాను.

ఉడుము ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. పెట్టెలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోండి, దాని పళ్లేన్ని వంటింటి తొట్టిలో కడగకండి, అయిదేళ్లలోపు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ దాన్ని తాకనివ్వకండి.

అన్నీ అమర్చాక పిల్లను వెంటనే తీసుకురాకండి. ఖాళీ పెట్టెలో దీపాలు వారం రోజులు వెలిగించి, పై పలక మీద వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో, చల్లటి చివర గాలిని మామూలు థర్మామీటరుతో, బొరియలో తేమను తేమ కొలిచే హైగ్రోమీటరుతో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కొలిచి ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ ఏడు రోజుల అంకెలు నాకు పంపండి. వాటిని చూశాక, పిల్లను ఏ రోజు తెచ్చుకోవచ్చో రాస్తాను.

మీ తాతయ్య