అయోడిన్ అంటని మచ్చ

బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క పడగానే నల్లబడటం బడిలో చూసే ఉంటారు. 1920ల చివర్లో వియన్నా వైద్యుడు వాల్టర్ షిల్లర్ అదే అయోడిన్‌ను గర్భాశయ ముఖద్వారానికి పూసి చూశాడు. ఆరోగ్యంగా ఉన్న పైపొర ముదురు గోధుమ రంగుకు తిరిగింది. అనుమానించవలసిన చోట మాత్రం రంగు అంటలేదు, ఆవపిండిలా పసుపుగా మిగిలింది.

ఆ గోధుమ రంగు గ్లైకోజెన్ అనే నిల్వ పదార్థం వల్ల వస్తుంది. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రభావంతో ఇక్కడి కణాలు గ్లూకోజ్‌ను గొలుసులుగా కట్టి, గాదెలో ధాన్యంలా దాచుకుంటాయి. కణాలు రాలిపోయాక ఆ నిల్వ మీద లాక్టోబాసిల్లస్ బాక్టీరియా బతుకుతాయి. అవి వదిలే లాక్టిక్ ఆమ్లం హానికర సూక్ష్మజీవులు చాలావాటిని పెరగనివ్వదు. మరి పసుపు మచ్చ దగ్గర గాదె ఎందుకు ఖాళీగా ఉంది?

తరచుగా దానికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీని డీఎన్ఏలో ఉన్నవి దాదాపు 8,000 అక్షర జతలే. నకలు తీసే ఎంజైము కూడా సొంతంగా లేదు, అన్నీ కణం దగ్గరే తీసుకోవాలి. చిక్కేమిటంటే, ఇది కంటికి కనిపించని సన్నని గాట్ల గుండా అడుగు పొరకు చేరి, కణాలతో పాటు పైకి వస్తుంది. పైకి వచ్చిన కణం డీఎన్ఏ తయారీ కట్టిపెట్టి రాలిపోవడానికి సిద్ధమవుతుంది. పొయ్యి ఆరిన వంటింట్లో వైరస్‌కు ఏం దొరుకుతుంది? అందుకే మళ్లీ పొయ్యి రాజేస్తుంది. దాని ఈ7 ప్రోటీన్ విభజనకు అడ్డుకట్ట అయిన ఆర్‌బీ అనే కణ ప్రోటీన్‌ను పక్కకు లాగుతుంది. కణం తనను తాను చంపుకోకుండా ఈ6 ప్రోటీన్, చెడిన కణాన్ని చావు వైపు నడిపే పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మరొకటి. గ్లూకోజ్‌ను విడగొట్టే వరుసలో చివరి మెట్టున పైరువేట్ కైనేజ్ ఎం2 అనే ఎంజైము ఉంటుంది. నాలుగు ముక్కలూ కలిసి ఉంటేనే అది చురుగ్గా పనిచేస్తుంది. 16వ రకం వైరస్ ఈ7 వచ్చి అంటుకుంటే రెండేసి ముక్కలుగా విడిపోయి మందగిస్తుంది. తూము సగం మూస్తే నీళ్లు పిల్ల కాలువల్లోకి మళ్లినట్లు, ముడిసరుకు డీఎన్ఏ ఇటుకల తయారీ వైపు మళ్లుతుంది.

వైరస్ సోకిన ప్రతిచోటా ఇంత దూరం వెళ్లదు. చాలామందిలో రెండేళ్లలోపు రోగనిరోధక వ్యవస్థే దాన్ని అణచివేస్తుంది. 16, 18 వంటి రకాలు ఏళ్ల తరబడి పాతుకుపోతేనే ముప్పు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఆ రెండు రకాల వల్లే వస్తున్నాయి. అప్పుడు కణాలు ముదరవు, దాచుకోవు, విభజన చెందుతూనే ఉంటాయి. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే స్త్రీ కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది 18వ రకం. వాటిలో ఈ6, ఈ7ల తయారీని ఆపితే, ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఆ పెరుగుదల ఆగిపోతుంది.

పసుపు కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కరలేదు. వాపు ఉన్నా రంగు సరిగా అంటదు. రుతుక్రమం ఆగి ఈస్ట్రోజెన్ తగ్గినవారిలో ఆరోగ్యకరమైన పొర కూడా పలచబడి, నిల్వ తగ్గి, పసుపుగానే ఉండవచ్చు. వారికి వైరస్ డీఎన్ఏను నేరుగా వెతికే పరీక్ష మేలు. దానికి కావలసిన నమూనాను స్త్రీ తానే తీసుకోవచ్చు.