పాత సర్జరీ పెట్టెలో రంపం: అపోహలు - వాస్తవాలు

ఎముకల డాక్టర్‌ని కదా, పాతకాలపు సర్జరీ పెట్టె ఫొటో ఎవరికి కనబడినా నాకే పంపిస్తారు, కింద ‘కసాయివాళ్లు’ అని రాసి మరీ. ఎక్కువగా 19వ శతాబ్దపు యూరప్, అమెరికా పెట్టెలే కాబట్టి వాటి గురించే చెప్తాను.

అపోహ: కాలు మొత్తం రంపంతోనే కోసేవాళ్లు.

కాదండీ, రంపం ఎముకకే. చర్మం, కండ కోసేది పొడవాటి కత్తి. రెండు వైపులా పదునున్న సన్న కత్తి ఇంకోటి ఉంటుంది, అది మోకాలి కింద రెండెముకల మధ్య కండ కోయడానికి. కండ రంపం పళ్లకు చిక్కకుండా చీల్చిన గుడ్డతో పైకి లాగి పట్టేవాళ్లు. తొడకైతే గుడ్డకు రెండు తోకలు, మోకాలి కిందైతే మూడు, అక్కడ ఎముకలు రెండు కదా!

అపోహ: రక్తం ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుమే దిక్కు.

ఫ్రాన్స్‌లో ఆంబ్రోయిజ్ పారే 16వ శతాబ్దంలోనే రక్తనాళాల్ని దారంతో కట్టాడు. 1718లో పెటీ అనే సర్జన్ మర తిప్పి బిగించే టూర్నికెట్ (రక్తం ఆగేలా కాలిని నొక్కిపట్టే పట్టీ) చేశాడు. ఆ తర్వాత ధమనిని కొక్కెంతో లాగి కట్టడమే పద్ధతి. కాకపోతే దారం కొసలు పుండులోంచి వేలాడేలా వదిలేసి, లోపల కుళ్లి ఊడొచ్చేదాకా ఆగేవాళ్లు. ఇది తలచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: అమెరికా అంతర్యుద్ధంలో సైనికులతో తూటా కొరికించి కాళ్లు తీసేశారు.

ఆ యుద్ధం 1861లో మొదలైంది. ఈథర్ అనే మత్తుమందు 1846లోనే వచ్చింది, క్లోరోఫాం అనే ఇంకో మత్తుమందు మరుసటి ఏడాది. యుద్ధంలో చాలా ఆపరేషన్లు మత్తు ఇచ్చే చేశారు. 1846కి ముందు మాత్రం మెలకువగా ఉండగానే కోసేవాళ్లు, అందుకే ఆ వేగం. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్ ఆ వేగానికే పేరుమోశాడు, ఈథర్ రాగానే 1846 డిసెంబర్ 21న దాంతోనే తొడ దగ్గర కాలు తీశాడు. ఒకే ఆపరేషన్‌లో ముగ్గురి ప్రాణం తీశాడనే కథ ఆయన మీద తెగ తిరుగుతుంది గానీ, దానికి ఆనాటి రికార్డంటూ ఏదీ దొరకలేదు. (క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం డబ్బుతో పరీక్షలు చేసింది మన హైదరాబాద్‌లోనే.)

అపోహ: పరికరాలు తళతళలాడుతున్నాయి కాబట్టి శుభ్రంగానే ఉండేవి.

అసలు ప్రమాదం ఇక్కడే. నల్లచేవ కర్రతోనో, ఏనుగు దంతంతోనో చేసిన పిడులు, జారకుండా వాటి మీద అడ్డదిడ్డంగా గీసిన గాట్లు, పెట్టెలోపల మఖమల్ గుడ్డ! ఆ గాట్లలో చేరిన రక్తం తుడిస్తే పోదు, మరిగిద్దామంటే పిడి పగులుతుంది. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ (లిస్టన్ కాదు, వేరే ఆయన) 1865లో క్రిముల్ని చంపే కార్బాలిక్ ఆమ్లం వాడటం మొదలుపెట్టాక, పరికరాల్ని మరిగించే అలవాటు కూడా వచ్చాకే పిడితో సహా అంతా లోహంతో చేయడం మొదలైంది. అందుకే మ్యూజియంలో పాత పెట్టె కనబడితే నేను బ్లేడు చూడను, పిడి చూస్తాను. కర్ర, దంతం అయితే చాలావరకు మరిగించే రోజులకు ముందుదే.