నల్ల ఎనుము బూడిద రంగుకు తిరిగిందెందుకు

పోయిన మే నెలలో మా చిన్నాయన వాళ్ళ ఎనుము ఈనింది, దూడతో కలిపి ఒక ఫోటో తియ్యిరా అంటే కొత్త కెమెరా మెళ్ళో తగిలించుకుని పోయినాను, అదీ మిట్టమధ్యాన్నం. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే బొగ్గులాంటి ఎనుము బూడిదలో పొర్లినట్టుంది, వెనక సున్నం గోడ తెల్లకాగితం మాదిరి అయిపోయింది. చిన్నాయన చూసి "ఇది మన ఎనుమేనా?" అన్నాడు.

కెమెరా చెడిపోయిందేమో అనుకున్నా కానీ కాదు. దానికి ఎనుమూ తెలీదు, గోడా తెలీదు, లోపలికి ఎంత వెలుతురు వస్తోందనేదొక్కటే తెలుసు. ఎదురుగా ఏమున్నా సరే సగటున మధ్యరకం బూడిద రంగే, అంటే మీద పడిన వెలుగులో సుమారు 18 శాతం వెనక్కి పంపే రంగే, అని దాని లెక్క. ఫ్రేమ్ నిండా నలుపుంటే చీకటి పడిందనుకుని వెలుతురు ఎక్కువ లాగేస్తుంది. మా అబ్బ తెల్ల పంచె, తెల్ల తలగుడ్డతో దగ్గరగా కూర్చుంటే ఎండ ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, అప్పుడు పంచె నెల రోజులు ఉతకనట్టు వస్తుంది. ఇప్పటి కెమెరాలు ఫ్రేమ్‌ని ముక్కలు ముక్కలుగా చూసి కొంచెం తెలివిగా లెక్కేస్తాయి గానీ ఫ్రేమ్ మొత్తం ఒకే రంగైతే అవీ బోల్తా పడతాయి.

దీనికి మందు ప్లస్, మైనస్ గుర్తున్న బటన్. నల్లదానికి మైనస్, తెల్లదానికి ప్లస్. మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది, తెల్లదానికి ఇంకా వెలుతురు ఎందుకప్పా అని, కానీ ఎనుమును ఎనుములాగే ఉంచమని మనం చెప్పాలి కదా. ప్లస్ 1 పెడితే వెలుతురు రెట్టింపు, మైనస్ 1 పెడితే సగం. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద వేలు నొక్కితే వచ్చే సూర్యుడి బొమ్మను పైకీ కిందికీ జరిపితే ఇదే పని. అయిపోయాక సున్నాకి తెచ్చుకోండి, నేను మర్చిపోయి మా అక్క కూతురి నామకరణం అంతా మైనస్‌లోనే తీసినాను, ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎత్తుతారు.

ఇంక మధ్యాన్నం మాట. కర్నూలు, అనంతపురం, కడప మూడూ సుమారు 14, 16 డిగ్రీల అక్షాంశాల మధ్యే ఉన్నాయి కాబట్టి ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికే వస్తాడు, మన నీడ మన కాళ్ళ కిందే పడుతుంది. అప్పుడు తీస్తే కళ్ళు రెండు గుంతలు, ముక్కు కింద నల్ల మీసం, ఆడోళ్ళకైనా సరే. వసారా అంచుకు తీసుకొచ్చి నిలబెట్టండి. వేపచెట్టు కింద వద్దు, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మొహం మీద పొడలు పొడలుగా వస్తాయి. కుదరకపోతే పట్టపగలే ఫ్లాష్ వెయ్యండి, నవ్వేవాళ్ళు నవ్వనీ, కళ్ళ గుంతల్లో నీడ పోతుంది.

ఆ ఎండలో వెనక స్క్రీన్ చూసి బాగుందని మురిసిపోవద్దు, అసలు ఏమీ కనపడదు. హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫోటోలో చీకటి ఎంతుందో ఎడమ పక్క, వెలుగు ఎంతుందో కుడి పక్క చూపించే గ్రాఫ్. గ్రాఫ్ కుడి గోడకి గుద్దుకుని నిలబడితే తెలుపు తెగిపోయిందని అర్థం, అక్కడ దాచుకోడానికి ఇంక వివరమే ఉండదు. గండికోటలో సాయంత్రం పెన్నా లోయ నల్లగా, పైన ఆకాశం మండుతా ఉంటుంది కదా, ఆకాశాన్ని కాపాడుకుని లోయని కొంచెం చీకటిగానే వదిలెయ్యండి, రా ఫైల్ (కెమెరా తనకందిన వెలుతురును మార్చకుండా అట్లాగే దాచే ఫైల్) అయితే ఆ చీకట్లోంచి రాళ్ళని తర్వాత చాలావరకు బయటికి లాగొచ్చు.

బెలుం గుహల్లో నాకు తగిలిన దెబ్బ వేరే. కారులో ఏసీ చల్లగా పెట్టుకుని పోయి దిగీ దిగగానే గుహలోకి దూరినాను. లోపల ఉక్క, గాలి నిండా తేమ. చల్లటి లెన్స్ మీద తేమగాలి తగలగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకి చెమట పట్టినట్టు, అద్దం మొత్తం మసక. చొక్కా అంచుతో తుడిచినాను, అది ఇంకా తప్పు, మన దుమ్ములో సన్న ఇసక ఉంటుంది, గీతలు పడతాయి. తుడిచినా మళ్ళీ పట్టేసింది, గాజు వెచ్చబడేదాకా అది పోదు. అరగంట ముందే ఏసీ ఆపేసి, కెమెరాని ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఉంచితే చెమట కవర్‌కి పడుతుంది, లెన్స్‌కి పట్టదు.