మాటలు మారిస్తే పాట మనదైపోదు: పేరడీ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఓ రాత్రి పదకొండింటికి గుంతకల్లు నుంచి ఫోన్. "అన్నా, మా పేరడీ పాట మీద కాపీరైట్ అని యూట్యూబ్ నుంచి మెయిల్ వచ్చింది. పోలీసులు ఇంటికొస్తారా?" పిల్లాడి గొంతు వణుకుతోంది. రైతు బోరుబావితో మాట్లాడతాడు, బోరు పాటలో బదులిస్తుంది, అదీ వాళ్ల కామెడీ సిరీస్. ఎంత మంచి ఊహ! అనంతపురంలో పన్నెండేళ్లుగా ఇలాంటి సిరీస్‌లకు పేరడీలు కట్టి రికార్డు చేసిస్తున్నాను. ఈ టెన్షన్ నెలకొకరి దగ్గరైనా చూస్తాను.

అపోహ: సాహిత్యం మార్చాం కాబట్టి పాట మనదే.

కాదు. పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ అని మూడు హక్కులుంటాయి. మీరు మార్చింది ఒక్కటే. పల్లవిలో సగం పాత మాటలే ఉంచేస్తే అదీ పూర్తిగా మీది కాదు. నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ వాడితే దాన్ని చేసినవాళ్ల హక్కు వేరే.

"పేరడీకి మినహాయింపు ఉంది కదన్నా?" అంటారు. అది అమెరికా మాట. 1994లో అక్కడి సుప్రీంకోర్టు పేరడీ కూడా ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండా చేసినా చట్టం ఒప్పుకునే వాడకం, కావచ్చని చెప్పింది. మన 1957 కాపీరైట్ చట్టంలో పేరడీ అన్న మాటే లేదు. 52వ సెక్షన్‌లోని మినహాయింపుల్లో విమర్శ, సమీక్ష ఉన్నాయి. ఆ పాటనే ఆటపట్టిస్తే వాదించడానికి కొంత చోటుంది. అదే బాణీలో పత్తికొండ టమాటా ధర గురించి పాడితే ఆ వాదన నిలబడటం కష్టం.

నేనూ దెబ్బతిన్నాను. నా మొదటి సిరీస్‌లో పాటలన్నీ హిట్ బాణీలే. మూడు స్ట్రైక్‌లు (హక్కుదారు ఫిర్యాదుతో వీడియో తీసేసి యూట్యూబ్ ఇచ్చే హెచ్చరికలు) పడి ఛానెలే పోయింది, రెండేళ్ల పని పోయింది. ఆ బాధలో ఉన్నప్పుడే ఓ మిత్రుడు 'ఫ్లైట్ ఆఫ్ ద కాంకార్డ్స్' అనే కామెడీ సిరీస్ చూపించాడు. 2007 నుంచి 2009 దాకా అమెరికా టీవీ ఛానెల్ హెచ్‌బీఓలో వచ్చింది, 22 ఎపిసోడ్లు. ఇద్దరు న్యూజిలాండ్ కుర్రాళ్లు న్యూయార్క్‌లో అవస్థ పడుతూ ఉన్నట్టుండి పాటలోకి వెళ్లిపోతారు. వింటుంటే పేరున్న గాయకుల పోకడ తెలిసిపోతుంది, బాణీ మాత్రం వాళ్లు కట్టుకున్నదే. పోకడకు కాపీరైట్ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏడు సెకన్లు వాడొచ్చు, ముప్పై సెకన్లు వాడొచ్చు అనే లెక్కలు ఏ చట్టంలోనూ లేవు. దయచేసి ఆ వాట్సాప్ మెసేజ్ పంపడం ఆపండి. కింద క్రెడిట్స్ రాస్తే అనుమతి వచ్చినట్టు కాదు.

"అన్నమయ్య పాటలు ఎవరి సొంతమూ కావు" అని కడప నుంచి ఒకరు వాదించారు. సాహిత్యం వరకు నిజమే. బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. వాటిలో ఎన్నో మన జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివి. ఆయన 1979లో కన్నుమూశారు. కర్త పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది, లెక్క వేసుకోండి.

ఇక గుంతకల్లు పిల్లాడికి వచ్చింది స్ట్రైక్ కాదు, క్లెయిమ్. వీడియో మీద యాడ్స్ డబ్బు హక్కుదారుకు పోతుంది, అంతే. ఆ మెయిల్‌కూ పోలీసులకూ సంబంధం లేదు. 90 రోజుల్లో మూడు స్ట్రైక్‌లు పడితేనే ఛానెల్‌కు ముప్పు. అది చెప్పాక గానీ అతను ఊపిరి పీల్చుకోలేదు.

బోరు పాటను చెక్కభజన దరువు మీద కొత్తగా కడుతున్నాం. వాళ్ల మామ భజన గురువట. ఆదివారం చెక్కలు పట్టుకుని స్టూడియోకి వస్తానన్నారు.