కథ బయటపెట్టకుండా నవల గురించి చెప్పడం

చిరంజీవులకు,

దీవెనలు. తలా ఒక అగాథా క్రిస్టీ నవల చదివి, నచ్చినదాని గురించి మిగతావాళ్లకి చెప్పుకోవాలనుకుంటున్నారట. చెప్పుకోండి. కానీ ఈవిడ పుస్తకాల దగ్గర నోరు జారితే ఇక అంతే. హంతకుడెవరో ఒకసారి చెవినపడ్డాక ఆ నవలని మొదటిసారి చదవడమన్నది ఎవరికీ సాధ్యం కాదు. అందుకే ఏది ముందు చదవాలో, ఎదుటివాళ్లకి ఎంతవరకు చెప్పొచ్చో రాస్తున్నాను.

ఆవిడ రాసిన అపరాధ పరిశోధన నవలలు 66. అందులో 33 బెల్జియం నుంచి వచ్చిన డిటెక్టివ్, గుడ్డుతల మీసాలాయనవి, 12 పల్లెటూరి ముసలావిడ మిస్ మార్పుల్‌వి. ఆ మీసాలాయన పేరు ఎర్క్యూల్ ప్వారో. అక్షరాలు చూసి పాయిరట్ అని చదివేయకండి, ఆయనకి ఒళ్లు మండుతుంది.

మొదటి పుస్తకంగా 'ది ఏబీసీ మర్డర్స్' (1936) మంచిది. ఆండోవర్‌లో ఒక హత్య, బెక్స్‌హిల్‌లో ఇంకోటి, చర్‌స్టన్‌లో మూడోది. ప్రతి శవం పక్కనా ఒక రైల్వే గైడు పుస్తకం. పరుగులా సాగుతుంది, పేర్లు కలగాపులగం కావు. ఆ తర్వాత 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' (1950). ఫలానా ఇంట్లో సాయంత్రం ఆరున్నరకి హత్య జరుగుతుందని ఊరి పత్రికలో ప్రకటన పడుతుంది, ఊళ్లోవాళ్లు అదేదో ఆటనుకుని తయారై వెళతారు. 'అండ్ దెన్ దేర్ వర్ నన్' (1939)లో డిటెక్టివే లేడు. ఒక దీవి, పదిమంది మనుషులు. చిన్నవాళ్లు రాత్రిపూట చదవకపోవడమే మేలు.

'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్‌రాయిడ్' (1926) మాత్రం నాలుగోదిగానో ఐదోదిగానో చదవండి. అంతకన్నా ఆలస్యం చేస్తే ఎవరో ఒకరు చెప్పేస్తారు. దాని గురించి ఇంకొక్క మాట రాసినా తప్పు నాదే అవుతుంది.

వరస తప్పితే నష్టం చేసే పుస్తకాలు కొన్నున్నాయి. 'డంబ్ విట్‌నెస్' (1937) మధ్యలో ప్వారో తన పాత కేసులు తలుచుకుంటూ నాలుగు నవలల హంతకుల పేర్లు చెప్పేస్తాడు. స్టైల్స్ (దీని గురించి కింద రాశాను), ఆక్‌రాయిడ్, 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్', 'డెత్ ఇన్ ది క్లౌడ్స్' అయ్యాకే దాని జోలికి వెళ్లండి. అలాగే 'కార్డ్స్ ఆన్ ది టేబుల్' కంటే ముందు 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' (1934) ముగించాలి, ఒకే ఒక్క వాక్యం కొంప ముంచుతుంది. ప్వారో చివరి కేసు 'కర్టెన్'ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే రాసి దాచిపెట్టి 1975లో అచ్చువేయించారు. కథ మళ్లీ మొదటి నవలలోని స్టైల్స్ అనే ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివరికి ఉంచుకోండి.

ఆ స్టైల్స్ ('ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్', 1920) ఆవిడ మొదటి నవల. మొదటి ప్రపంచయుద్ధంలో ఇంగ్లండులోని టార్కీ ఊరి ఆసుపత్రిలో మందులు కలిపే పని చేశారు, 1917లో ఆ పరీక్ష కూడా పాసయ్యారు. విషాల లెక్క ఆవిడకి అక్కడ అబ్బింది. ఈ నవలలో విషం స్ట్రిక్నీన్, అంటే మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండేదే. పరమ చేదు. అంత చేదు తాగినావిడకి ఎందుకు తెలియలేదు, తాగిన ఎంతసేపటికి ఎక్కింది అన్నదాని చుట్టూ కథ తిరుగుతుంది. కాబట్టి ఈవిడ నవలల్లో ఎవరైనా కప్పు అందిస్తే టైము రాసుకోండి.

చదివేటప్పుడు దగ్గర ఒక కాగితం ఉండాలి. పేరు, బంధుత్వం, హత్య వేళ ఎక్కడున్నారు. పక్కనే ఇంకో గడి గీసి, ఆ సంగతి ఎవరైనా కళ్లారా చూశారా, లేక అతనే చెప్పుకున్నాడా అన్నది రాయండి. పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. పాత్ర చెప్పిన మాటని జరిగిన విషయం కింద జమకట్టేస్తారు. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టే ఘట్టం రాగానే పుస్తకం మూసి ఎవరు, ఎందుకు, ఏ ఆధారంతో అన్నది మూడు వాక్యాల్లో రాయండి. అనుమానం రానివాడే హంతకుడని గుడ్డిగా రాస్తే కుదరదు. మీరలా అనుకుంటారని ఆవిడకీ తెలుసు.

ఈ కాగితం బాగా పనికొచ్చేది 'ఫైవ్ లిటిల్ పిగ్స్' (1942)కి. నా లెక్కలో అన్నిటికన్నా మంచి నవల ఇదే. హత్య జరిగి పదహారేళ్లయింది. అడుగుజాడల్లేవు, రక్తపు మరకల్లేవు. ఆ రోజు అక్కడున్న ఐదుగురూ తమకి గుర్తున్నది రాసిస్తారు. ఐదు గళ్లు గీసి, ఒకే మాటని ఒక్కొక్కరు ఎలా విన్నారో పక్కపక్కన పెట్టండి. అందరూ ఒప్పుకున్న మాటని కూడా వదలకండి. విన్నది ఒకటే అయినా అర్థం ఇంకోటి కావచ్చు.

కొన్ని సంగతులు తెలియక తికమకపడతారు. అప్పట్లో షిల్లింగుకి 12 పెన్నీలు, పౌనుకి 20 షిల్లింగులు. ఇన్‌క్వెస్టు అంటే మన శవ పంచనామా లాంటిది కాదు. కారొనర్ అనే అధికారి చావుకి కారణం తేల్చడానికి జరిపే బహిరంగ విచారణ. ఇంకోటి, పాత ముద్రణల్లో యూదుల గురించి, నల్లవాళ్ల గురించి చులకన మాటలుంటాయి. 1939 నాటి ఆ దీవి కథకి ఇంగ్లండులో మొదట పెట్టిన పేరే అలాంటిది, తర్వాత తీసేశారు.

ఇక మీ కబుర్లు. మొదటి పాతిక వంతులో ఉన్నదంతా చెప్పొచ్చు. ఊరు, ఇల్లు, ఎవరు చనిపోయారు. "హంతకుణ్ణి చచ్చినా పట్టుకోలేవు" అనడం కూడా చెప్పేయడం కిందే లెక్క, వినేవాడు మొదటి పేజీ నుంచీ అందరినీ తలకిందులుగా చూస్తాడు. ఎన్ని హత్యలో చెప్పకండి. ఫలానా పాత్ర భలే ఉందని మెచ్చుకోకండి. టీవీలో చూసింది పుస్తకంలోది అనుకోకండి, కొన్నిట్లో హంతకుణ్ణే మార్చేశారు.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొనేటట్టయితే పేర్లతో జాగ్రత్త. అమెరికా ముద్రణల్లో 'లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్' కాస్తా 'థర్టీన్ ఎట్ డిన్నర్' అవుతుంది, 'డెత్ ఇన్ ది క్లౌడ్స్' కాస్తా 'డెత్ ఇన్ ది ఎయిర్' అవుతుంది. కాపీరైటు పేజీ చూడకపోతే ఒకే నవల రెండుసార్లు కొంటారు. డబ్బులిచ్చేముందు చివరి అధ్యాయం పేజీలన్నీ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. చదవకుండా, నంబర్లు మాత్రమే.

మీ పెద్దమ్మ