క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకు: అపోహలు - వాస్తవాలు

క్యారెక్టర్ వేషాలు వేసుకుని బతికేవాణ్ని నేను. కొత్తగా ఈ దారి పట్టే కుర్రాళ్లు కొన్ని నమ్మకాలు మోసుకొస్తారు. వాళ్లకి మనవాళ్ల పేర్లు చెప్పి వివరిస్తే రేపు సెట్లో ఆ మనుషుల మొహం చూడాలి, ఇబ్బంది. అందుకని ఎనభై ఏళ్ల కిందటి హాలీవుడ్ మనిషి ఒకాయన్ని సాక్షిగా తెచ్చుకున్నాను. పేరు ఫ్రాంక్ పూల్యా. 1892లో సిసిలీలోని లింగ్వాగ్లోసాలో పుట్టాడు. కుర్రతనంలోనే సంగీత నాటకాల్లో తిరిగాడు. 1907లో అమెరికా చేరి లాండ్రీలో పనిచేశాడు, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇటాలియన్ నాటకాల్లో వేషాలు కట్టాడు. దర్శకుడు గ్రిఫిత్ కంట్లో పడి 1921లో ‘ఆర్ఫన్స్ ఆఫ్ ది స్టార్మ్’లో కనిపించాడు. అక్కణ్నుంచి యాభై ఏళ్లకు పైగా, 150కి మించిన సినిమాలు.

అపోహ: యాస ఉంటే సొంత ప్రాంతం వేషాలే వస్తాయి.

వాస్తవం: పూల్యాకి రకరకాల దేశాల వేషాలు వచ్చాయి. మొదటి సినిమాలోనే ఫ్రెంచివాడు. 1934లో ‘వీవా వీయా’లో మెక్సికో వీరుడికి తండ్రి. 1942లో ‘కాసాబ్లాంకా’ బజారులో అరబ్బు వర్తకుడు. 1944లో ‘అలీబాబా’ కథలో ద్రోహం చేసే కాసిం ప్రభువు. అప్పటి స్టూడియోల లెక్కలో ‘విదేశీయుడు’ అన్నది ఒకటే ఖాతా. నల్ల జుట్టు, కాస్త చామనఛాయ, ఇంగ్లీషులో చిన్న విరుపు ఉంటే ఆ ఖాతాలో ఏ దేశం కిందైనా రాసేసేవారు.

మనకి దగ్గరగా తగిలే ఉదాహరణ 1942 నాటి ‘జంగిల్ బుక్’. మోగ్లీగా వేసిన సాబూ మైసూరు ప్రాంతంవాడు. ఊరి పండితుడు మన సిసిలీ పూల్యా. వేటగాడు బల్దియోగా వేసిన జోసెఫ్ కలేయా మాల్టాలో పుట్టాడు. మంగలిగా వేసిన జాన్ క్వాలెన్‌ది నార్వే నుంచి కెనడా వలస వెళ్లిన కుటుంబం. పేరుకి ఊరంతా మనదే, ముఖ్యమైన వేషాల్లో మనవాడు సాబూ ఒక్కడే! దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. పూల్యాకి అది కూడు పెట్టింది నిజమే. ఆ వేషం న్యాయంగా దక్కాల్సిన ఇంకో నటుడికి అదే కూడు పోయింది. పూల్యా ఇటలీవాడిగా సిసిలీ కథలో కనిపించిన సినిమా ఒకటుంది, 1957 నాటి ‘ట్వంటీ మిలియన్ మైల్స్ టు ఎర్త్’. అందులో శుక్రగ్రహం నుంచి వచ్చిన గుడ్డుని ఒక పిల్లాడి దగ్గర కొనుక్కునే జంతుశాస్త్రవేత్త ఆయన. అప్పటికి వయసు 65.

అపోహ: ఇటలీలో పుట్టినవాడికి గూండా వేషాలు రాసిపెట్టి ఉంటాయి.

వాస్తవం: ఇటాలియన్ గూండా కథానాయకుడైతే ఆ వేషం వేరేవాళ్లకి పోయింది. ‘లిటిల్ సీజర్’లో వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ బుకారెస్ట్‌లో పుట్టాడు. 1932 ‘స్కార్‌ఫేస్’లో వేసిన పాల్ మునీది ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్. అసలు ఇటలీవాడైన ఎడ్వార్డో చన్నెల్లి ఇస్కియా దీవిలో పుట్టి, నేపుల్స్‌లో వైద్యం చదివి, ఒపెరా పాడినవాడు. ఆయన 1937లో ‘మార్క్‌డ్ ఉమన్’లో వేసిన విలన్‌ని న్యూయార్క్ మాఫియా నాయకుడు లక్కీ లూచియానోని చూసి మలిచారు, పేరు మాత్రం జానీ వానింగ్ అని పెట్టారు. రెండేళ్లు తిరక్కుండా ‘గంగా దిన్’లో కాళికాదేవి పేరిట హత్యలు చేయించే థగ్గుల గురువయ్యాడు.

అపోహ: చిన్న సీనేగా, వెళ్లి డైలాగ్ చెప్పి వచ్చేయొచ్చు.

వాస్తవం: ఇక్కడ కాసేపు ఆగాలి. ‘కాసాబ్లాంకా’లో పూల్యా సీను చూడండి. కథానాయిక ఇల్సా అతని అంగట్లో అల్లిక గుడ్డ చూస్తూ ఉంటుంది. ధర 700 ఫ్రాంకులు. ఆమె పాత ప్రేమికుడు, ఊళ్లో కేఫ్ నడిపే రిక్ వచ్చి నువ్వు మోసపోతున్నావంటాడు. ఈమె రిక్ స్నేహితురాలని తెలియగానే ధర 200కి దిగుతుంది. రిక్ ముందురాత్రి తన తీరుకి క్షమాపణ చెప్పుకుంటాడు. వర్తకుడు ఈమె మామూలు స్నేహితురాలు కాదని పసిగట్టి 100 అంటాడు. అంతే అతని పని. కానీ ఊళ్లో రిక్ పలుకుబడి ఎంతో, ఈమెతో అతని సంబంధం ఎంత లోతో ఆ బేరమే చెప్పేసింది. ఆ ఇద్దరికీ వేరే మాట అక్కర్లేకపోయింది.

నటుడిగా అందులో కష్టం చెప్తాను. ఆ ఇద్దరి బాధ మనకి అర్థమైనట్టు మొహంలో పెట్టామా, సీను పోయింది. నవ్వించాలని ధర చెప్పేముందు ఒక్క క్షణం ఎక్కువ ఆగామా, ఇద్దరు స్టార్ల మధ్య బిగువు సడలిపోతుంది. పూల్యా ఆ రెండూ చెయ్యడు. సరుకు అమ్ముకోవడం తప్ప అతనికి ఈ లోకంలో వేరే పని లేదు. పైగా చేతిలో వస్తువు ఉంటే ప్రతి టేకులోనూ ఏ మాట దగ్గర చెయ్యి లేచిందో మళ్లీ అక్కడే లేవాలి, లేకపోతే ఎడిటర్ మన షాటు తీసి పక్కన పడేస్తాడు. పెద్ద సీనులో ఒక తప్పు దొర్లితే సర్దుకునే చోటు ఉంటుంది. నాలుగు ముక్కల వేషంలో ఉండదు.

అపోహ: టైటిల్స్‌లో పేరు లేకపోతే జూనియర్ ఆర్టిస్టు కిందే లెక్క.

వాస్తవం: ‘కాసాబ్లాంకా’ టైటిల్స్‌లో పడిన నటుల పేర్లు 14. పూల్యా పేరు వాటిలో లేదు. అప్పట్లో పేరు వెయ్యడం స్టూడియో ఇష్టం. ఆ పద్నాలుగు మందిలో కూడా అమెరికాలో పుట్టినవాళ్లు ముగ్గురే అన్నది వేరే విశేషం.

అపోహ: సినిమా అవకాశాలు తగ్గినవాడే టీవీకి పోతాడు.

వాస్తవం: తగ్గినమాట నిజమే, తప్పు నటుడిది కాదు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ థియేటర్లు అమ్ముకోవాల్సి వచ్చింది, జీతాల కాంట్రాక్టులు కరిగిపోయాయి. అదే కాలంలో టీవీకి వారానికో కొత్త కొట్టువాడు, పాదిరీ, తాతా కావాల్సి వచ్చారు. పూల్యా అలా ఎన్నో సీరియల్స్‌లో అతిథిగా వెళ్లాడు. చన్నెల్లికి 1959లో ‘జానీ స్టకాటో’లో జాజ్ క్లబ్బు యజమాని వాల్డోగా మళ్లీ మళ్లీ వచ్చే వేషమే దొరికింది.

అపోహ: క్లాసిక్‌లో ఒక్క వేషం పడితే చాలు, టీవీలో వేసినప్పుడల్లా డబ్బులొస్తాయి.

వాస్తవం: రావు, కనీసం పూల్యా తరానికి రాలేదు. సినిమాలు టీవీలో వేసినప్పుడు నటులకి వాటా కావాలని 1960లో అక్కడి నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ సమ్మె చేసింది. గిల్డ్‌కి అప్పటి అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్. ఒప్పందం కుదిరింది కానీ ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి మొదలైన సినిమాలకే. పాతవాటికి బదులుగా నిర్మాతలు ఒకేసారి 22.5 లక్షల డాలర్లు ఇచ్చారు. అది పింఛను, ఆరోగ్య నిధికి పోయింది. దాని మీద గిల్డ్ పాత సభ్యులు చాలామంది రీగన్‌ని చివరిదాకా తిట్టుకున్నారు. నాకైతే ముసలి నటుడికి ఆసుపత్రి ఖర్చు దొరకడం చిన్న విషయంగా అనిపించదు.